వంతెన పక్కన ఇసుక ఎవరిది?

అమెరికా పడమటి తీరంలో శాన్‌ఫ్రాన్సిస్కో అనే నగరం ఉంది. గోల్డెన్ గేట్ వంతెన దిగువన, ఆ నగరం అంచున క్రిస్సీ ఫీల్డ్ అనే పార్కు ఉంది. ఆ ఊరు చూడబోయిన మన తెలుగువాళ్లు వంతెన కనిపించేలా ఫొటోలు దిగేది ఎక్కువగా అక్కడే. ఆ ఇసుక మీద మొదట ఉన్నదెవరు, వాళ్లను వెళ్లగొట్టిందెవరు, తర్వాత పేదలను, వలస వచ్చినవాళ్లను అక్కడికి ఎలా పిలిచారు అన్నది మన యువకులకు తెలియాలి.

అది ఒకప్పుడు చిత్తడి నేల. ఓలోనీ ఆదివాసులలో యెలాము అనే శాఖవారు అక్కడ చేపలు, ఆల్చిప్పలు ఏరుకుని బతికేవారు. తుంగతో కట్టిన తెప్పల మీద అఖాతంలో తిరిగేవారు. వారు తిని పడేసిన ఆల్చిప్పల పొరలు ఆ నేలలో ఇటీవలి కాలంలోనూ బయటపడ్డాయి. 1776లో స్పెయిన్ సైనికులు ప్రెసిడియో అనే కోట కట్టారు. అదే ఏడాది పాదరీలు మిషన్ పెట్టారు. మిషన్‌లో చేరినవారిని తిరిగి ఊరికి పోనివ్వలేదు. కొత్త రోగాలు కొన్ని తరాలలోనే జనాన్ని తుడిచిపెట్టాయి. కోట స్పెయిన్ చేతి నుంచి మెక్సికోకు, అక్కడి నుంచి అమెరికా సైన్యానికి మారింది. 1915లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన కోసం చిత్తడిని పూడ్చేశారు. తర్వాత అక్కడ విమానాలు దిగే మైదానం వచ్చింది.

ఆ మైదానం పక్కన 640వ నంబరు భవనం ఒకటుంది. 1941 నవంబరులో సైన్యం అందులో రహస్యంగా జపాను భాష బడి పెట్టింది. చదివినవారిలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టిన జపానీ వలసదారుల పిల్లలు. మరుసటి ఏడాది ఆ ప్రెసిడియోలో కూర్చున్న సైన్యాధికారి సంతకంతోనే పడమటి తీరంలోని జపానీ కుటుంబాలను నిర్బంధ శిబిరాలకు తరలించారు. మొత్తం 1,20,000 మందికి పైగా ఆ శిబిరాల పాలయ్యారు. కొడుకు దేశానికి పనికొచ్చాడు, అమ్మానాన్నలు ముళ్లకంచె లోపలికి పోయారు. ఇలాంటి చోట రేపు ‘అందరూ రండి’ అని బోర్డు పెడితే జనం ఎందుకు నమ్మాలి?

1972లో అమెరికా కాంగ్రెస్ గోల్డెన్ గేట్ జాతీయ వినోద ప్రదేశాన్ని ఏర్పాటు చేసింది. నగరపు జనానికి దగ్గరలోనే పార్కు ఉండాలన్నది అప్పటి ఆలోచన. అంతకుముందు పెద్ద పార్కులన్నీ దూరపు కొండల్లో ఉండేవి. కారూ సెలవులూ ఉన్నవాడే అక్కడికి పోగలిగేవాడు. ఆలోచన మంచిదే. కానీ పార్కు దగ్గరికి వచ్చినంత మాత్రాన జనం పార్కుకు రాలేదు. నగరం ఆగ్నేయ మూలన బేవ్యూలో నల్లజాతివారు, మిషన్ పేటలో లాటిన్ అమెరికా నుంచి వచ్చినవారు, చైనా టౌన్‌లో చైనీయులు ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఆ తీరం అదే ఊళ్లో ఉన్నా పరాయి ఊరే. రెండు మూడు బస్సులు మారాలి. బోర్డులు ఇంగ్లీషులో ఉంటాయి. ఇంకో సంగతి పార్కువాళ్లకు చాలా ఆలస్యంగా తట్టింది. రేంజరు వేసుకునే బూడిదరంగు చొక్కా, ఆకుపచ్చ ప్యాంటు, ఛాతీ మీది బిళ్ల చూస్తే, కాగితాలు లేని వలసదారుకు సరిహద్దు పోలీసు గుర్తొస్తాడు. ఖాకీ చొక్కా కనిపించగానే మోపు దించి పొదల్లోకి తప్పుకున్న మన అవ్వలకు ఈ భయం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

1994లో సైన్యం ప్రెసిడియోను పార్కుకు అప్పగించింది. ఆ తర్వాత తారు, విషపు మట్టి తవ్వి తీసి, సుమారు 20 ఎకరాల చిత్తడిని మళ్లీ తెరిచి, సముద్రపు పోటును లోపలికి రానిచ్చారు. స్థానిక మొక్కలు లక్ష నాటారు. నాటినవారిలో బడిపిల్లలూ స్వచ్ఛందంగా వచ్చిన జనమూ ఉన్నారు. 2001లో అక్కడే క్రిస్సీ ఫీల్డ్ సెంటర్ తెరిచారు. పార్కు గడప తొక్కని పేటల పిల్లలను ముందు పెట్టుకుని పనిచేయడం దాని ఉద్దేశం. వేసవి శిబిరాలు పెట్టారు, హైస్కూలు పిల్లలకు నాయకత్వ శిక్షణ ఇచ్చారు. ఒక పాత రొట్టెల బండిని బాగుచేసి, దాన్నే తిరిగే పార్కు ఆఫీసుగా మార్చి పేటల్లోకి తోలారు. నగర గ్రంథాలయం తన శాఖల నుంచి పార్కులకు ఉచితంగా బస్సులు నడిపింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ గ్రంథాలయం పద్ధతి. అమ్మ ముందే నమ్మిన చోటు నుంచి బండి బయలుదేరుతుంది. పార్కు గేటు దగ్గర నిలబడి రమ్మనడానికీ, నమ్మిన గుమ్మం ముందుకు బండి తేవడానికీ చాలా తేడా ఉంది. మన ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే టీచర్లు దీన్ని గమనించాలి.

అయితే పిలవడం ఒకటి, హక్కు ఒప్పుకోవడం ఇంకొకటి. క్రిస్సీ ఫీల్డ్ నుంచి చూస్తే ఎదురుగా ఆల్కట్రాజ్ దీవి కనిపిస్తుంది. 1969 నవంబరు 20న రకరకాల తెగల ఆదివాసీ యువకులు ఆ దీవిని ఆక్రమించి, 1971 జూను దాకా, అంటే 19 నెలలు, అక్కడే ఉన్నారు. వారిలో కాలేజీ విద్యార్థులు చాలామంది. వారిని దింపేశాక ఆ దీవి కూడా ఇదే పార్కులో కలిసింది. నీళ్ల ట్యాంకు మీద వాళ్లు ఎర్రరంగుతో రాసిన రాతలు ఎండకు వెలిసిపోయాయి. ట్యాంకును బాగుచేసినప్పుడు పార్కు వాటిని చెరిపెయ్యలేదు, మళ్లీ రాయించింది. ఒక ప్రభుత్వ శాఖ తనను ధిక్కరించిన మాటలకు తనే రంగు వేయించడం అరుదు. ఏటా నవంబరులో థాంక్స్ గివింగ్ రోజు తెల్లవారకముందే ఆదివాసులు పడవల్లో ఆ దీవికి చేరి మంట వెలిగించి సూర్యోదయం చూస్తారు.

ఓలోనీల సంగతి మాత్రం వేరు. 1925లో ఆల్ఫ్రెడ్ క్రోబర్ అనే పేరున్న మానవశాస్త్రవేత్త వారు ఇక లేనట్టే అని తన పుస్తకంలో రాసేశాడు. బతికున్న మనుషులు తాము బతికున్నామని కాగితాలతో రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఆ అఖాతం చుట్టూ ఉన్న ఓలోనీ వారసులు, ముయెక్మా తెగవారు, దశాబ్దాలుగా దరఖాస్తులు పెట్టారు, కోర్టుల చుట్టూ తిరిగారు. ఫెడరల్ ప్రభుత్వం గుర్తించిన తెగల జాబితాలో వారి పేరు ఇప్పటికీ లేదు.