దేహాత్మ వివాదం - కక్కయ్య కథ

తత్త్వచర్చ అనగానే మనకు కాశీ, కంచి, శృంగేరి గుర్తుకు వస్తాయి. ఆలూరు వంటి మెట్టప్రాంతం గుర్తుకు రాదు. కాని దేహమూ ఆత్మా ఒకటేనా, వేరా అన్న ప్రశ్న రాయలసీమకు కొత్తది కాదు. ఆలూరు నుంచి గుంతకల్లు దాటి దక్షిణంగా పోతే కొనకొండ్ల వస్తుంది. దిగంబర జైనులకు ప్రమాణగ్రంథమైన 'సమయసారం' రాసిన కుందకుందాచార్యుడి ఊరు ఇదేనని శాసనాల ఆధారంగా చరిత్రకారులు గుర్తించారు. అక్కడి రససిద్ధుల గుట్టమీద జైన విగ్రహాలు ఉన్నాయి.

కుందకుందుడు దేహాన్నీ ఆత్మనూ నిష్కర్షగా విడదీశాడు. నగరాన్ని వర్ణిస్తే రాజును వర్ణించినట్టు కాదు. దేహాన్ని స్తుతిస్తే ఆత్మను స్తుతించినట్టూ కాదన్నాడు. రంగు, రుచి, వాసన జడపదార్థానివి. తెలుసుకోవడం జీవుడి లక్షణం. ఈ వాదం రెండు దారులు తీయగలదు. కులం దేహానికి తగిలించిన పేరైతే ఆత్మకు కులం లేదు. అలాగే ఆకలి దేహానిదైతే ఆత్మకు ఆకలీ లేదు. మొదటి మాట అణగారినవాడికి ధైర్యమిస్తుంది. రెండో మాట అతన్ని జోకొడుతుంది. మతచరిత్రలో ఈ రెండు మాటలూ తరచుగా ఒకే నోట వినబడ్డాయి.

పదిహేడో శతాబ్దంలో ఈ ప్రశ్న పండితుల చేతుల్లోంచి పల్లెలోకి వచ్చింది. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం 1693లో సజీవసమాధి పొందాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన ముఖ్యశిష్యుడు దూదేకుల సిద్ధయ్య. దేహంలో ఆరు చక్రాలున్నాయని, ఒక్కొక్క చక్రంలో ఒక దేవత ఉంటుందని గురువు సిద్ధయ్యకు బోధిస్తుండగా మాదిగ కక్కయ్య చాటున విన్నాడట. ఇంటికి పోయి, నిద్రపోతున్న భార్య దేహాన్ని కోసి చూశాడు. నెత్తురూ మాంసమూ తప్ప దేవతలు కనబడలేదు. బోధ అబద్ధమని గురువును నిలదీశాడు. వీరబ్రహ్మం ఆమెను బ్రతికించాడు, కక్కయ్య శిష్యుడయ్యాడు.

ఇది కథే, చరిత్ర కాదు. అయినా ఒక సమాజం తన సందేహాన్ని ఎవరి నోట పలికించిందో కథలోనే తెలుస్తుంది. చచ్చిన పశువును ఒలిచి, తోలు పదునుపెట్టే పని ఏ కులంమీద మోపారో, ఆ కులంవాడే ఇక్కడ రుజువు అడిగాడు. దేహం లోపల ఏముంటుందో అతనికి పనివల్ల తెలుసు, శ్లోకాలవల్ల కాదు.

ఇటువంటి పరీక్ష కక్కయ్యతో మొదలు కాలేదు. బౌద్ధుల దీఘనికాయంలో పాయాసి అనే పాలకుడు, ఆత్మ బయటికి పోవడం చూడాలని దొంగలను కడవలో పెట్టి మూతవేయించి చంపిస్తాడు. యూరపులో డెకార్ట్ ఆత్మకు మెదడులోని ఒక చిన్న గ్రంథిని పీఠంగా చూపాడు. పరిమాణమే లేని ఆత్మ దేహాన్ని ఎలా కదిలిస్తుందని 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనను ఉత్తరంలో అడిగింది. సరైన సమాధానం రాలేదు. అక్కడ ప్రశ్న వేసింది స్త్రీ. ఇక్కడ ప్రశ్నకు బలైనది స్త్రీ.

కక్కయ్య సందేహం న్యాయమైనది, వెదకిన తీరు తప్పు. చైతన్యం ఏదో ఒక అవయవంలో దాచిపెట్టిన వస్తువు కాదు; సజీవదేహం చేసే పని. మగ్గాన్ని విరగ్గొట్టి నేత ఎక్కడుందని వెదికితే దొరకదు. కోసేసరికి పని ఆగిపోతుంది. కాని అతని అసలు నేరం తర్కంలో లేదు. తన సందేహం తీర్చుకోవడానికి భార్య దేహం తన సొత్తు అనుకోవడంలో ఉంది. పాయాసికి దొంగ ఎలాగో, కక్కయ్యకు భార్య అలాగ. ఆత్మను వెదికే కత్తి ఎప్పుడూ బలహీనుల దేహంమీదే పడింది.

కథకులు గురువు మహిమ దగ్గర ఆగిపోతారు. లేచి కూర్చున్న ఆ మనిషి ఏమనుకుందో ఎవరూ అడగరు. ఆత్మలన్నీ సమానమని చెప్పడం సులభం. దానికి బావి దగ్గర చోటివ్వక్కరలేదు, కూలి పెంచక్కరలేదు. దేహమూ మనసూ వేరు కావని ఒప్పుకుంటే అలా తప్పించుకోలేం. అంటరానిదన్నది దేహాన్నే అయినా, అవమానం మనిషిదే. ఎండిన డొక్క కూడా మనిషిదే. మన రచయితలు కక్కయ్య కథను మళ్లీ చెప్పదలిస్తే ఆ భార్య లేచి కూర్చున్న చోటినుంచి మొదలుపెట్టాలి.