పయనములో పొయ్యి



నేడు ప్రయాణమనగా టిక్కెట్టు కొని బండిలో కూర్చుండుటయే. ఆకలియైనచో దారిప్రక్క హోటలు సిద్ధముగా నుండును. రైలును మోటారును లేని దినములలో బాటసారికి మొదటి చింత దారిని గూర్చినది కాదు, పొయ్యిని గూర్చినది. ప్రొద్దు గ్రుంకువేళకు ఎచ్చట దిగవలెను? అచ్చట మంచినీరు కలదా? కట్టెలు దొరకునా? బియ్యము, ఉప్పు అమ్ము అంగడి యున్నదా? ఇవి కుదిరిన తావే మజిలీ. రాజుల యుద్ధములను గూర్చిన చరిత్రములు పెక్కులు కలవు. మజిలీలో వెలిగిన పొయ్యిని గూర్చి చెప్పువారు తక్కువ. ఆ పొయ్యిని గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

ఇందులకు మన భాషలో మంచి సాక్ష్యము ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీన బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి యిల్లు చేరిరి. కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగకును కాశికిని పోయి, కొంత దూరము గంగలో పడవమీద సాగి, కలకత్తా, జగన్నాథముల మీదుగా మరలి వచ్చిరి. వెంట పల్లకీ, బోయీలు, గుడారములు, పెద్ద పరివారము. క్షేత్రమాహాత్మ్యములకై ఆ పుస్తకమును విప్పినవారికి, ఫలానా యూర అంగళ్లు గలవా, నీరు మంచిదా, దిగుటకు వసతి గలదా యను సంగతులును తఱచుగా కానవచ్చును. అంతమందికి పూటపూటకు అన్నము పెట్టవలసిన యజమానికి ఇవి చిన్న సంగతులు కావు.

ఆరుబయటి వంటకు మూడు రాళ్లు చాలును. నేర్పు మాత్రము కావలెను. పొయ్యినోరు గాలి వచ్చు దిక్కునకు ఉన్నచో మంట చక్కగా రాజును. గాలి మిక్కిలి హెచ్చినచో చాటు కట్టవలెను. చితుకులతో రాజేసి, పిమ్మట లావు కట్టె పెట్టవలెను. కందిపప్పు ఉడుకుటకు చాల కట్టె పట్టును. కావున త్రోవలో బియ్యము అత్తెసరు పెట్టి, ఎసరు ఇగురుచుండగా కట్టె వెనుకకు లాగి, నిప్పులమీదనే మగ్గనిచ్చి, పచ్చిపులుసుతోనో ఊరగాయతోనో భుజించుట సుళువు.

తరువాత కాలువల కాలము వచ్చినది. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసెను. బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తియయ్యెను. ఆ కాలువలు పొలములకు నీటిని, జనులకు దారిని ఇచ్చెను. కోస్తావెంట చెన్నపట్టణమునకు పోవు కాలువకు 1878లో బకింగుహాము కాలువయని పేరు పెట్టిరి. గాలి యనుకూలించినపుడు తెరచాప. లేనపుడు పడవవారు గట్టుమీద నడచుచు తాడుతో లాగెడివారు. చెక్కపడవలో నిప్పు ప్రమాదకరము, అందును పైకప్పు తాటాకైనచో చెప్పనక్కఱలేదు. అందుచేత అడుగున మట్టి పఱచి దానిమీదనే పొయ్యి పెట్టెడివారు. లేదా లాకులయొద్ద పడవ ఆగినపుడు గట్టున దిగి వండుకొనెడివారు. చెన్నపట్టణమున ఇంటింటి పొయ్యిలోనికి కావలసిన సరుగుడు కట్టెలును ఈ పడవలమీదనే పోయెడివి.

మా తాతగారు బాల్యమున తమ తండ్రిగారితో ఏలూరు కాలువమీద బెజవాడకు పోవుచుండిరట. రాత్రి పెద్ద వాన పట్టెను. లాకులయొద్ద పడవ ఆపిరి. కట్టెలు తడిసెను, అగ్గిపుల్లలు మెత్తబడెను. ప్రయాణికుల పొయ్యి యొకచోట, పడవవారి పొయ్యి ఎడముగా మఱియొకచోట. వారు మాత్రము కుండలో బూడిద కప్పి నిప్పు కాపాడుకొనిరి. తండ్రిగారు "పోయి నిప్పు తెమ్ము" అని కుఱ్ఱవానిని పంపిరి. పడవవాడు చిల్లపెంకులో నిప్పు పెట్టి, రాజుకొనుటకు కొబ్బరిపీచు చేర్చి, "బాబుగారూ, ఆకలిగా ఉందేమో, రవ్వంత గంజి పోయమంటారా?" అని యడిగెను. కడుపులో ఆకలి మండుచున్నను, తండ్రివైపు చూచి, బాలుడు వలదని తల యూపెను.

ఆ నిప్పుతో వంట యయ్యెను. అందఱును భుజించిరి. పడవవానిని పిలిచినవారు లేరు. ఉదయమున అతడే మరల తాడు భుజమున వేసికొని గట్టునెక్కెను.

ముదిమిలో తాతగారు ఈ కథ చెప్పినపుడెల్ల, "నిప్పు పుచ్చుకొంటిమి గాని గంజి పుచ్చుకొనలేదురా. మా అన్నమైనను వానికి పెట్టలేదు. నిప్పునకు లేని మైల మెతుకున కెక్కడిది?" అని కొంతసేపు మాటలాడక ఊరకుండెడివారు. ఆయన తండ్రిగారు దుర్మార్గులు కారు, ఊరికి ఉపకారియే. ఆచారము అట్లుండెను. ఆచారమని సరిపెట్టుకొనుటకు మాత్రము తాతగారికి మనసొప్పలేదు.

బెజవాడ చెన్నపట్టణముల నడుమ రైలు 1899లో వచ్చెను. అటుపిమ్మట రైలును లారీయును పడవల పని లాగుకొనెను. కాలువగట్టున మూడు రాళ్ల పొయ్యి నేటి బాలురకు తెలియదు. మీలో పూర్వుల పడవప్రయాణములను విన్నవారు ఉందురు. మనుమలకు ఆ కథలు తప్పక చెప్పుడు. వెన్నెలను, తెరచాపను, వేడి అన్నపు రుచిని చెప్పుడు. ఎవరి పొయ్యి ఎంత యెడముగా నుండెనో అదియును దాచక చెప్పుడు. సగము చెప్పిన చరిత్ర సగము ఉడికిన మెతుకువంటిది; అది ఒంటికి పట్టదు.