ఫైబర్ ఛానల్ బ్యాకప్

ప్రొడక్షన్ సర్వర్‌లోని డేటాను ఆఫీసు ల్యాన్ మీదుగా కాకుండా, స్టోరేజీ కోసమే వేసిన ఫైబర్ లింకుల మీదుగా బ్యాకప్ సర్వర్‌కో టేప్ లైబ్రరీకో చేర్చే పద్ధతి. 1990ల చివర్లో పెద్ద డేటా సెంటర్లలో వాడుకలోకి వచ్చింది. వేగం కోసం పుట్టిందని రాస్తుంటారు గానీ, అది సగం మాటే. జనం వాడుకునే సర్వర్ మీంచి బ్యాకప్ బరువును మెల్లమెల్లగా దించుకుంటూ రావడమే దీని చరిత్ర.

నేపథ్యం

1986లో ప్రమాణంగా మారిన స్కజీ పద్ధతిలో డిస్కులు ఏ సర్వర్‌కు తగిలిస్తే దాని సొత్తు. కేబుల్ ఎంత మంచిదైనా 25 మీటర్లు దాటేది కాదు. పక్క గదిలోని బ్యాకప్ సర్వర్‌కు ఆ డేటా కావాలంటే ల్యాన్ మీదుగా ప్రొడక్షన్ సర్వర్‌నే అడగాలి. సెకనుకు 100 మెగాబిట్ల ల్యాన్ పూర్తిగా ఖాళీగా ఉన్నా 12.5 మెగాబైట్లకు మించి మోయలేదు. ఆ లెక్కన 500 గిగాబైట్ల డేటాబేస్‌కు రాత్రి పదింటికి బ్యాకప్ మొదలుపెడితే పొద్దున తొమ్మిదయినా పూర్తి కాదు. ఈలోగా ఆ డేటాబేస్‌ను వాడే కౌంటర్లు తెరుచుకుంటాయి. మెయిన్‌ఫ్రేముల వాళ్లకు మాత్రం ఈ బాధ కొంత ముందే తీరింది. ఐబీఎం 1990లో తెచ్చిన ఎస్కాన్ లింకులు ఫైబర్ మీదే నడిచేవి.

ప్రమాణం, స్విచ్చులు

ఫైబర్ ఛానల్ మీద పని 1988లో మొదలైంది. 1994లో అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ ఆమోదించింది. పాత స్కజీ ఆదేశాలనే 2,112 బైట్ల దాకా పట్టే ఫ్రేముల్లో పెట్టి పంపడం దీని పద్ధతి. అవతలి పోర్టు ‘చోటుంది’ అని ముందే క్రెడిట్ ఇస్తే తప్ప ఇవతలి పోర్టు ఫ్రేము వదలదు. అందుకే రద్దీ పెరిగినా ఫ్రేములు మామూలుగా రాలిపోవు. కర్ణాటక నుంచి వెళ్లిన ఇంజినీరు కుమార్ మాలవల్లి ఈ ప్రమాణాల కమిటీలో ముఖ్యుడు. ఆయన సహ వ్యవస్థాపకుడిగా 1995లో బ్రోకేడ్ కంపెనీ మొదలైంది. 1997లో అది సిల్క్‌వార్మ్ స్విచ్చును అమ్మకానికి పెట్టింది. దాని వేగం సెకనుకు ఒక గిగాబిట్, అంటే దాదాపు 100 మెగాబైట్లు. పైన చెప్పిన డేటాబేస్ లెక్కకు గంటన్నర లోపే దాటిపోవాలి. లెక్కకు మాత్రమే, ఎందుకంటే 2000లో వచ్చిన తొలి తరం ఎల్‌టీవో టేప్ డ్రైవ్ సెకనుకు సుమారు 15 మెగాబైట్లే రాసేది. ఆరేడు డ్రైవులు ఒక్కసారిగా తిరిగితే గానీ లింకు నిండదు.

రెండు సర్వర్లు, ఒక కేబుల్

రెండు సర్వర్లలో ఫైబర్ లింకుకు కలిపే హెచ్‌బీఏ కార్డు చెరొకటి పెట్టి, మధ్యలో ఒక కేబుల్ తగిలిస్తే చాలదా? లింకు లైట్లు వెలుగుతాయి, డిస్కు మాత్రం కనిపించదు. సర్వర్‌లోని కార్డు మామూలుగా అడిగే పక్షం; రెండు వైపులా అడిగేవాళ్లే ఉంటే జవాబిచ్చేదెవరు? ఫైబర్ ఛానల్ మీద ఐపీ నడపడానికి 1999లోనే పద్ధతి రాసిపెట్టారు, కానీ వాడినవాళ్లు తక్కువ. లినక్స్ కెర్నెల్‌లో 2011, 2012ల్లో చేరిన డ్రైవర్లతో, తగిన కార్డు ఉన్న సాధారణ సర్వర్ కూడా డిస్కులా జవాబిచ్చే వీలు కలిగింది.

ఆలోపు అందరూ పట్టిన దారి స్యాన్, అంటే స్టోరేజీ కోసమే వేసిన నెట్‌వర్క్. స్విచ్చుకు ఒకవైపు రెండు సర్వర్లూ, మరోవైపు డిస్క్ అరే, టేప్ లైబ్రరీ. ప్రొడక్షన్ సర్వర్ తన డేటాను నేరుగా టేపుకు రాస్తుంది. బ్యాకప్ సర్వర్ కేటలాగు చూసుకుంటూ, ఏ డ్రైవ్ ఎవరికో పంచుతుంది. దీనికే ల్యాన్ ఫ్రీ బ్యాకప్ అని పేరు.

కొత్త తలనొప్పులూ ఇక్కడే మొదలయ్యాయి. ఎక్కడో ఒక సర్వర్ రీబూట్ అయి రీసెట్ పంపితే, ఇంకో సర్వర్ రాస్తున్న టేపు సగంలో వెనక్కి చుట్టుకునేది. క్లస్టర్ సాఫ్ట్‌వేర్ లేకుండా ఒకే ఫైల్‌సిస్టమ్‌ను రెండు సర్వర్లు మౌంట్ చేస్తే డేటా పాడైనట్టే. అందుకే ఎవరు ఎవరికి కనిపించాలో స్విచ్చులో జోనింగ్‌తో, ఏ డిస్కు ఎవరిదో అరేలో మాస్కింగ్‌తో కట్టడి చేశారు. ఉమ్మడి పెరట్లో గోడలు కట్టుకున్నట్టన్నమాట. స్యాన్ నడిపేవాళ్లకు కేబుల్ గుచ్చడం నిమిషాల పని. రోజులు తినేసేది ఈ జోన్ల పట్టికే.

ల్యాన్ ఫ్రీలోనూ చదివి రాసే పని ప్రొడక్షన్ సర్వర్‌దే. ఆ బరువునూ దించింది స్నాప్‌షాట్. డేటాబేస్‌ను క్షణకాలం నిలిపి, అరేలోనే ప్రతి తీసి, దాన్ని బ్యాకప్ సర్వర్‌కు చూపిస్తారు. బ్యాకప్ సర్వర్ తాపీగా చదువుకుంటుంది.

దూరం

ఫైబర్‌లో కాంతి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. 100 కిలోమీటర్లు పోయి రావడానికి ఒక మిల్లీసెకను. దూరంలో రెండో ప్రతి ఉంచి, రెండు చోట్లా రాశాకే ‘అయింది’ అనే పద్ధతిలో ప్రతి రాతకూ ఈ ఆలస్యం తప్పదు. ఈఎంసీ సంస్థ 1994లో తెచ్చిన ఎస్‌ఆర్‌డీఎఫ్ ఇలాంటి రెండో ప్రతికి తొలినాటి ఉదాహరణ. మన స్టాక్ ఎక్స్చేంజీలు ఒక్క లావాదేవీ కూడా పోకుండా దగ్గర్లో ఒక ప్రతిని, దూర నగరంలో ఇంకో కేంద్రాన్ని నిర్వహిస్తాయి.

ఆ దగ్గరి ప్రతే 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్చేంజీని ఇరుకున పెట్టింది. ప్రధాన కేంద్రాన్ని ఆ ప్రతితో కలిపే రెండు టెలికాం సంస్థల లింకులూ అస్థిరంగా మారాయి; దారి పొడవునా జరుగుతున్న తవ్వకాలే కారణమని ఆ సంస్థలు చెప్పాయి. లింకు పోయినా ప్రధాన కేంద్రంలోని స్యాన్ పనిచేస్తూనే ఉండాలి. అది సర్వర్లకు అందకుండా పోయింది. ఉదయం 11.40కి ట్రేడింగ్ ఆపి, మధ్యాహ్నం 3.45కి తిరిగి మొదలుపెట్టారు.

తరవాతి కాలం

వేగం 2008లో 8 గిగాబిట్లకు, 2011లో 16కు, 2016లో 32కు చేరింది. ఈలోగా స్కజీ ఆదేశాలను మామూలు ఐపీ నెట్‌వర్క్ మీద పంపే, 2004లో ప్రమాణమైన ఐస్కజీ, ఆ తరవాత చవకైన 10 గిగాబిట్ ఈథర్‌నెట్ వచ్చి చిన్న సంస్థలకు ఫైబర్ ఛానల్ అవసరాన్ని తగ్గించాయి. ర్యాన్సమ్‌వేర్ దాడులు పెరిగాక లెక్క ఇంకోలా మారింది. ప్రొడక్షన్ సర్వర్‌కు రాసే వీలున్న ప్రతి డిస్కూ దాడి చేసినవాడికి కూడా అందుతుంది. అందుకని ఇప్పుడు చాలా సంస్థలు ఒక ప్రతిని టేపు మీదికి ఎక్కించి, లైబ్రరీ లోంచి బయటికి తీసి, ఏ లింకూ లేని బీరువాలో పెడుతున్నాయి.