రీల్స్ చూడటం ఆపలేకపోతున్నారా? షిఫ్టుల్లో పనిచేసేవారికి ఏ యాప్ పనికొస్తుంది, ఏది పనికిరాదు

సూరత్ నగరానికి దక్షిణాన, ముంబయి - అహ్మదాబాద్ రైలు మార్గంలో ఉంటుంది సచిన్. ఇక్కడి జీఐడీసీ పారిశ్రామిక వాడలో మరమగ్గాలు, డైయింగ్ యూనిట్లు రాత్రింబవళ్లు నడుస్తాయి. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రల నుంచి వచ్చిన కార్మికులతో పాటు, తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు కూడా దశాబ్దాలుగా సూరత్‌లో ఉంటున్నాయి.

మరమగ్గాల మీద 12 గంటల షిఫ్టు మామూలే. చాలాచోట్ల నేసిన మీటర్ల లెక్కనే కూలి. రాత్రి డ్యూటీ చేసినవారికి పగటి నిద్రే దిక్కు. అందులో గంట రీల్స్‌కు పోయిందంటే ఆ గంట మళ్లీ రాదు. నిద్ర చాలని మనిషి తిరిగే యంత్రం పక్కన నిలబడాల్సి వస్తుంది. అందుకే ఇక్కడ ఫోన్ వాడకం కేవలం అలవాటుకు సంబంధించిన విషయం కాదు. కూలికీ, ఒంటికీ కూడా సంబంధించినది.

అలాగని ఫోన్ పక్కన పడేయడం కుదరదు. ఇంటికి వీడియో కాల్, ఊరికి డబ్బు పంపే యూపీఐ, సూపర్‌వైజర్ వాట్సాప్ మెసేజ్ అన్నీ అందులోనే. కావాల్సినదాన్ని ఉంచి, అక్కర్లేనిదాన్ని మాత్రమే ఆపే యాప్‌లు ఉన్నాయా?

అసలు ఎందుకు ఆపలేం?

పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది. సినిమాకు శుభం కార్డు పడుతుంది. రీల్స్‌కు అలాంటి ముగింపు లేదు. కిందికి వెళ్లేకొద్దీ కొత్తది వస్తూనే ఉండే ఈ పద్ధతిని 'ఇన్‌ఫినిట్ స్క్రోల్' అంటారు. దీన్ని 2006లో రూపొందించిన ఆజా రాస్కిన్, ఆ తర్వాతి కాలంలో దాని ప్రభావం మీద తానే బహిరంగంగా విచారం వ్యక్తం చేశారు.

భారత్‌లో ఈ అలవాటు పాకడానికి మరో రెండు కారణాలున్నాయి. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌకైంది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను కేంద్రం నిషేధించిన కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ భారత్‌లోకి వచ్చాయి.

ఫోన్‌లోనే ఉన్నవి ఏంటి?

కొత్త యాప్ వేసుకునే ముందు ఫోన్ సెట్టింగ్స్ చూడండి. గూగుల్ 2018లో తెచ్చిన 'డిజిటల్ వెల్‌బీయింగ్' ఇప్పుడు చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంటోంది. అదే ఏడాది ఆపిల్ 'స్క్రీన్ టైమ్' తెచ్చింది. రెండూ ఉచితమే.

ఆండ్రాయిడ్‌లో ముఖ్యమైనవి మూడు.

యాప్ టైమర్: ఒక యాప్‌ను రోజుకు ఇన్ని నిమిషాలే వాడాలని పెట్టుకోవచ్చు. సమయం అయిపోగానే యాప్ మూసుకుపోతుంది. కానీ ఈ లెక్క అర్ధరాత్రి 12 గంటలకు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పగలు పనిచేసేవారికి దీనితో ఇబ్బంది లేదు. రాత్రి షిఫ్టు వారికి మాత్రం డ్యూటీ మధ్యలోనే కొత్త కోటా వచ్చేస్తుంది.

ఫోకస్ మోడ్: మీరు ఎంచుకున్న యాప్‌లను, వాటి నోటిఫికేషన్లను మీరు పెట్టిన వేళల్లో ఆపేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్‌లను జాబితాలో పెట్టి, వాట్సాప్, యూపీఐ యాప్‌లను వదిలేయొచ్చు. షిఫ్టుల్లో పనిచేసేవారికి టైమర్ కన్నా ఇదే నయం. షిఫ్టు మారినప్పుడు వేళలు కూడా మార్చుకోవడం మర్చిపోవద్దు.

బెడ్‌టైమ్ మోడ్: పేరు చూసి రాత్రికే అనుకోనక్కర్లేదు. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు నిద్రపోయేవారు ఆ వేళలే పెట్టుకోవచ్చు. శబ్దాలు ఆగిపోతాయి, తెర నలుపు తెలుపులోకి మారుతుంది. ఇంటివాళ్ల నంబర్లకు మినహాయింపు ఇస్తే వారి కాల్స్ మాత్రం మోగుతాయి.

నలుపు తెలుపుతో ఏం ఒరుగుతుందని అనిపించవచ్చు. అమెరికాలో కాలేజీ విద్యార్థులపై జరిగిన ఒక అధ్యయనం 2020లో ప్రచురితమైంది. తెరను నలుపు తెలుపులోకి మార్చుకున్న విద్యార్థుల ఫోన్ వాడకం రోజుకు సగటున 38 నిమిషాల మేర తగ్గిందని అందులో తేలింది.

అడ్డుపడే యాప్‌లు ఎలా పనిచేస్తాయి?

టైమర్లతో ఒక చిక్కుంది. ఐఫోన్‌లో పరిమితి దాటాక 'ఈ రోజుకు వదిలేయ్' అని ఒక్క బటన్ నొక్కితే చాలు. ఆండ్రాయిడ్‌లోనూ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చేసుకోవచ్చు. పైగా అవి వాడకం అయిపోయాక వచ్చి ఆపుతాయి.

'వన్ సెక్', 'స్క్రీన్‌జెన్' లాంటి యాప్‌లు తెరవకముందే అడ్డు నిలుస్తాయి. ఇన్‌స్టాగ్రామ్ మీద నొక్కగానే కొన్ని సెకన్లు ఆపి, 'నిజంగా తెరవాలా, వద్దా' అని అడుగుతాయి.

వన్ సెక్ మీద చేసిన అధ్యయనం 2023లో పీఎన్ఏఎస్ పత్రికలో వచ్చింది. దాన్ని వాడుతున్న 280 మంది సమాచారాన్ని ఆరు వారాల పాటు పరిశీలించారు. యాప్ తెరవబోయి, అడ్డు రాగానే వెనక్కి తగ్గిన సందర్భాలు 36 శాతం. తెరవాలనే ప్రయత్నాలు కూడా మొదటి వారంతో పోలిస్తే ఆరో వారానికి 37 శాతం తగ్గాయి. రెండూ కలిపి చూస్తే యాప్‌లు తెరవడం 57 శాతం తగ్గింది.

పరిశోధకుల్లో ఆ యాప్ తయారుచేసిన వ్యక్తి కూడా ఉన్నారని, పాల్గొన్నవారంతా తగ్గించుకోవాలనే యాప్ వేసుకున్నవారని గుర్తుంచుకోవాలి. అయినా అందులో ఒక విషయం పనికొస్తుంది. హితబోధ చేసే సందేశం కన్నా, 'వద్దులే' అని వెనక్కి వెళ్లే బటన్ ఎదురుగా ఉండటమే ఎక్కువ పనిచేసింది.

'ఫారెస్ట్' యాప్‌ది వేరే దారి. పెట్టుకున్న సమయం వరకు ఫోన్ ముట్టుకోకపోతే తెర మీద ఒక చెట్టు ఎదుగుతుంది. మధ్యలో వేరే యాప్‌లోకి వెళితే చెట్టు ఎండిపోతుంది. చదువుకునే పిల్లలకు ఇది నప్పుతుంది. వీడియో కాల్ ఎప్పుడొస్తుందో తెలియని కార్మికుడికి అంతగా నప్పదు.

మంచి యాప్‌ను ఎలా గుర్తించాలి?

వాడకాన్ని వేళల ప్రకారం కాకుండా షిఫ్టు ప్రకారం మార్చుకోనివ్వాలి. కాల్స్‌కు, డబ్బు యాప్‌లకు అడ్డు రాకూడదు. మిమ్మల్ని ఊరికే తన దగ్గరికి రప్పించుకోకూడదు. రోజూ పాయింట్లు, పోటీలు అంటూ నోటిఫికేషన్లు పంపే యాప్ ఒక వ్యసనం స్థానంలో మరొకటి పెట్టినట్టే. ఖర్చు కూడా చూసుకోవాలి. వన్ సెక్ ఉచితంగా ఒక్క యాప్‌కే పనిచేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం అనుమతులు. ఆండ్రాయిడ్‌లో ఇలాంటి యాప్‌లు చాలావరకు 'యాక్సెసిబిలిటీ' అనుమతి అడుగుతాయి. అది ఇస్తే తెర మీద కనిపించేదాన్ని ఆ యాప్ చదవగలదు. అదే ఫోన్‌లో బ్యాంకు లావాదేవీలు చేసేవారు తెలియని యాప్‌కు ఆ అనుమతి ఇవ్వకూడదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే ఫైల్‌తో అసలే వేసుకోవద్దు. అనుమానం ఉంటే ఫోన్‌లోని ఫోకస్ మోడ్‌తో సరిపెట్టుకోవడం మేలు.

యాప్‌తో కాకపోతే?

ఒంటరితనం, దిగులు, ఇంటి బెంగ వల్ల ఫోన్ పట్టుకుంటున్నవారికి టైమర్ పెట్టినంత మాత్రాన తీరదు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ రాష్ట్రం నుంచైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ సేవలున్నాయి. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో టెక్నాలజీ వ్యసనాల కోసమే 'షట్' క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది.

మొదలుపెట్టడానికి మాత్రం ఒక్క పని చాలు. డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి, గత వారంలో ఏ యాప్‌కు ఎన్ని గంటలు పోయాయో చూడండి. ఆ గంటలను మీ నిద్ర గంటల పక్కన పెట్టి లెక్కవేస్తే, ముందుగా ఏ యాప్‌ను ఫోకస్ మోడ్‌లో పెట్టాలో మీకే తెలిసిపోతుంది.