చందమామ జానపద సీరియళ్లు – పాఠకుల స్పందన

చందమామ మాసపత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సాహస ధారావాహికలకు తెలుగు పాఠకుల్లో దక్కిన ఆదరణ. 1954లో 'తోకచుక్క'తో మొదలై 'మకరదేవత', 'రాకాసి లోయ', 'పాతాళదుర్గం' మీదుగా 'భల్లూక మాంత్రికుడు' దాకా సాగిన ఈ పన్నెండు సీరియళ్లలో మాంత్రికులు, రాక్షసులు, వింత మృగాలే సగం బలగం. మిగతా సగం 'చిత్రా' (టి.వి. రాఘవన్) బొమ్మలది.

ప్రతి భాగమూ జరిగిన కథతో మొదలయ్యేది. కథానాయకుడు ఆపదలో పడగానే 'ఇంకా ఉంది' అని ఆగిపోయేది. ఆ రెండు మాటల మీద పిల్లలకు ఎంత కోపమో! రచయిత పేరు అచ్చయ్యేది కాదు కాబట్టి అభిమానమంతా పత్రిక ఖాతాలోనే పడింది.

పత్రిక వ్యవస్థాపకుల్లో ఒకరైన చక్రపాణికి ఈ మాయామంత్రాల ధోరణి అంతగా రుచించలేదంటారు. వీటిని ఆపి బంకించంద్రుడి నవల 'దుర్గేశనందిని' వేస్తే చందాదారులు తగ్గారని, దాసరిని మళ్లీ రాయమన్నారని పత్రికా వర్గాల్లో చెప్పుకునే మాట. పిల్లలు కొనడం మానేయడాన్ని మించిన విమర్శ ఏముంటుంది? దాసరి 2010లో మరణించారు. ఆనాటి పిల్లలు పెద్దవాళ్లై పాత సంచికలు వెతుక్కోవడంతో ఈ సీరియళ్లు పుస్తకాలుగా మళ్లీ వచ్చాయి.