నీలిమందు: మొక్క, ప్రయోగశాల, రైతు

జర్మనీలో కృత్రిమ నీలిమందు తయారు కావడంతో మన దేశంలో నీలిమందు సాగు దెబ్బతిన్నదని, దానితో రైతుకు ఆ పంట పీడ వదిలిందని పాఠ్యపుస్తకాల్లో తరచు ఒకటి రెండు వాక్యాల్లో చదువుతుంటాం. ఇందులో మొదటి సగం నిజం. రెండవ సగం మాత్రం బీహారులోని చంపారన్ జిల్లాకు వర్తించదు. అక్కడ పంట తగ్గినా పీడ తగ్గలేదు. పైగా కొత్త పేర్లతో పెరిగింది. అది ఎలా జరిగిందో తెలియాలంటే ముందు ఆ రంగు ఎలా తయారయ్యేదో తెలుసుకోవాలి. చరిత్ర పాఠంలో రసాయన శాస్త్రం ఎందుకని మీకు అనిపించవచ్చు. తోటల యజమాని బలమంతా ఆ రసాయన చర్యలోనే ఉంది.

ఆకులో కనిపించని రంగు

నీలిమందు మొక్కను తెలుగులో అవిరి అనీ, నీలి చెట్టు అనీ అంటారు. శాస్త్రీయ నామం ఇండిగోఫెరా టింక్టోరియా. ఇది చిక్కుడు కుటుంబానికి చెందిన పొద. ఆకు పచ్చగానే ఉంటుంది. అందులో ఉండేది ఇండికాన్ అనే రంగులేని పదార్థం. కోసిన కొమ్మలను నీటితొట్టెలో గంటల తరబడి నానబెట్టినప్పుడు, ఎంజైముల చర్య వల్ల ఇండికాన్ విడిపోయి గ్లూకోజు, ఇండాక్సిల్ ఏర్పడతాయి. ఆ నీటిని కింది తొట్టెలోకి వదిలి, కూలీలు అందులోకి దిగి తెడ్లతో గంటల కొద్దీ బాదేవారు. గాలిలోని ఆక్సిజన్ సోకి ఇండాక్సిల్ నీలంగా మారుతుంది. నీలం నీటిలో కరగదు కనుక మడ్డిగా అడుక్కు దిగుతుంది. ఆ మడ్డిని కాచి, వడగట్టి, నీరు పిండి, బిళ్ళలుగా కోసి ఆరబెడితే నీలిమందు సిద్ధమవుతుంది.

కరగని రంగు బట్టకు అంటదు. అందుకే అద్దకంవారు నీలిమందును క్షారం కలిపిన కుండలో పులియబెట్టి, కరిగే రూపంలోకి తెస్తారు. అందులో ముంచి తీసిన బట్ట మొదట పసుపుపచ్చగా కనిపించి, గాలి తగిలిన కొద్దీ నీలమవుతుంది. మచిలీపట్నం మొదలైన కోరమాండల్ తీరపు అద్దకం బట్టల్లో, నీలం పట్టకూడని చోట్ల మైనం పూసి మిగతా బట్టను ఇలాంటి కుండలోనే ముంచేవారు. ఇళ్ళలో తెల్లబట్టలకు పెట్టే నీలిమందుతో దీన్ని కలిపి చూడకండి. ఆ పొడి చాలాకాలంగా అల్ట్రామెరైన్ అనే వేరే పదార్థం.

మాటల చరిత్ర కూడా ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. సంస్కృత ‘నీల’ శబ్దం అరబ్బీలో ‘అన్నీల్’గా, పోర్చుగీసులో ‘అనిల్’గా మారింది. 1840 ప్రాంతంలో ఒక రసాయన శాస్త్రవేత్త నీలిమందు నుంచి ఒక నూనెలాంటి ద్రవాన్ని రాబట్టి దానికి ‘అనిలిన్’ అని పేరు పెట్టాడు. 1856లో పెర్కిన్ కనుగొన్న మొదటి కృత్రిమ రంగు ఆ అనిలిన్ నుంచే వచ్చింది. నీలిమందు సాగును చివరకు కూలదోసిన పరిశ్రమ పునాదిలో నీలి పేరే ఉందన్నమాట.

కోసిన ఆకు ఆగదు

పైన చెప్పిన ప్రక్రియలో ఒక విషయాన్ని మళ్ళీ గమనించండి. కోసిన పచ్చి ఆకు ఎక్కువసేపు నిలవ ఉండదు; వెంటనే తొట్టెలో పడాలి. వరి పండించిన రైతు ధర నచ్చకపోతే ధాన్యాన్ని గాదెలో పోసుకోగలడు, మరో సంతకు తోలుకుపోగలడు. పచ్చి ఆకు కోసిన రైతుకు ఆ అవకాశం లేదు. దగ్గరలో ఉన్న తొట్టె ఎవరిదో, ధర చెప్పేదీ వారే.

బెంగాలులో ఆ తొట్టెలు ఎక్కువగా ఐరోపా తోటల యజమానులవి. వారు రైతుకు ‘దాదన్’ అనే బయానా ఇచ్చి, మంచి భూమిలో కొంత భాగాన నీలిమందు వేయిస్తామని ఒప్పందం రాయించుకునేవారు. పంట తూకంలోనూ ధరలోనూ కోతలు పోగా బయానా తీరేది కాదు. తీరని బయానా మరుసటి ఏడాదికి, తండ్రి నుంచి కొడుక్కు చేరేది. 1859లో నదియా ప్రాంతంలో మొదలైన రైతుల నిరాకరణ మిగతా జిల్లాలకూ పాకింది. 1860లో ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. అదే ఏడాది దీనబంధు మిత్ర నాటకం ‘నీల్ దర్పణ్’ వెలువడింది. దాని ఆంగ్లానువాదాన్ని ప్రచురించినందుకు జేమ్స్ లాంగ్ అనే మతబోధకుడికి 1861లో నెలరోజుల జైలు, వెయ్యి రూపాయల జరిమానా విధించారు.

మన ప్రాంతం సంగతి వేరు. కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాల్లో 19వ శతాబ్దంలో నీలిమందు విస్తారంగా పండింది. ఇక్కడ రైతులూ స్థానిక వర్తకులూ చిన్న చిన్న తొట్లు పెట్టుకుని సరుకు తయారుచేసేవారు. ఆకును ఎండబెట్టి తర్వాత నానబెట్టే పద్ధతి కూడా ఉండేది. ఎండిన ఆకు కొంతకాలం ఆగుతుంది. ఆగే సరుకుకు బేరం ఉంటుంది. బెంగాలు తరహా తిరుగుబాటు ఇక్కడ జరగకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. రైత్వారీ పద్ధతి, జమీందారీ పద్ధతి అనే తేడాతోనే దీన్ని వివరించడం సరిపోదు.

ప్రయోగశాల నష్టం, రైతు చెల్లింపు

బెంగాలు తర్వాత నీలిమందుకు ప్రధాన కేంద్రం ఉత్తర బీహారు. చంపారన్‌లో ‘తీన్‌కఠియా’ పద్ధతి నడిచింది. బిఘాకు 20 కఠాలు. అందులో 3 కఠాల్లో రైతు నీలిమందు వేసి తీరాలి. అక్కడి పెద్ద జమీందారీ బెతియా రాజ్ అప్పుల్లో మునిగి, 1880ల చివర ఎన్నో గ్రామాలను తోటల యజమానులకు శాశ్వత కౌలుకు ఇచ్చింది. మరికొన్ని గ్రామాలు తాత్కాలిక కౌలు కింద ఉన్నాయి. ఈ తేడాను గుర్తుంచుకోండి.

ఇదే కాలంలో జర్మనీలో అడాల్ఫ్ ఫాన్ బేయర్ నీలిమందును కృత్రిమంగా తయారుచేసి, 1883 నాటికి దాని అణునిర్మాణాన్ని తేల్చాడు. అయితే ఆయన పద్ధతి ఖరీదైనది. బీఏఎస్ఎఫ్ కంపెనీ ఏళ్ళ తరబడి ఖర్చుపెట్టి, తారు నుంచి వచ్చే నాఫ్తలీన్‌తో మొదలయ్యే చవక మార్గాన్ని సాధించి 1897లో సరుకును సంతకు తెచ్చింది. ఆ ఏడాది ప్రపంచంలో మొక్కల నుంచి తీసిన నీలిమందు సుమారు 19,000 టన్నులు. 1914 నాటికి అది 1,000 టన్నుల దరికి పడిపోయింది.

నష్టం ఎవరు భరించాలి? వ్యాపారంలో వచ్చిన నష్టాన్ని వ్యాపారి భరించడం న్యాయం. చంపారన్ యజమానులు మాత్రం దాన్ని రైతు మీదికి నెట్టడానికి ఒక దారి వెదికారు. రైతు ఎన్నాళ్ళుగానో వదిలించుకోవాలనుకుంటున్న నీలిమందు బాధ్యతను వారు ‘విడుదల’ పేరుతో అతనికే అమ్మారు. శాశ్వత కౌలు గ్రామాల్లో పెంచిన శిస్తు యజమానికే దక్కుతుంది కనుక అక్కడ ‘శరహ్‌బేషీ’ పేరుతో శిస్తు పెంచారు. తాత్కాలిక కౌలు గ్రామాల్లో పెంపు చివరకు బెతియా రాజ్‌కు పోతుంది కనుక అక్కడ శిస్తు జోలికి పోకుండా ‘తావాన్’ పేరుతో ఒకేసారి రొక్కం వసూలు చేశారు. చేతిలో డబ్బు లేని రైతు చేత వడ్డీకి నోటు రాయించుకున్నారు. బెంగాల్ కౌలుదారీ చట్టం ప్రకారం పరస్పర ఒప్పందంతో పెంచే శిస్తు రూపాయికి రెండణాలు దాటకూడదు. కానీ ప్రత్యేక పంట వేయాలన్న షరతు నుంచి కౌలుదారును విడుదల చేస్తే ఆ పరిమితి వర్తించదని అదే చట్టంలో మినహాయింపు ఉంది. పెంపు చాలాచోట్ల సగానికి పైగా ఉన్నా చట్టబద్ధంగానే కనిపించింది. వేల ఒప్పందాలు రిజిస్టరు అయ్యాయి.

1914లో యుద్ధం మొదలై జర్మనీ రంగులు ఆగిపోయాయి. నీలిమందు ధర పెరిగింది. యజమానులు తిరిగి నీలిమందు వేయించసాగారు.

రాజ్‌కుమార్ శుక్లా పిలుపు మీద గాంధీ 1917 ఏప్రిల్‌లో చంపారన్ వెళ్ళే నాటికి పరిస్థితి ఇది. జిల్లా విడిచి వెళ్ళాలన్న ఉత్తర్వును ఆయన ధిక్కరించడం, ఏప్రిల్ 18న మోతీహారి కోర్టులో హాజరు కావడం, ప్రభుత్వం కేసు ఉపసంహరించుకోవడం మీకు తెలిసినవే. పరీక్షల్లో అంతకంటే తక్కువగా కనిపించేది ఆ తర్వాతి పని: ఆయన సహచరులు వేలాది రైతుల వాంగ్మూలాలను ఎదురు ప్రశ్నలు వేసి మరీ రాసుకున్నారు. ఎవరు ఎంత తావాన్ ఇచ్చారు, శిస్తు ఎంత పెరిగింది అన్నవి లెక్కలుగా చేతికి వచ్చినందువల్లే విచారణ సంఘంలో బేరం సాధ్యమైంది. గాంధీ కూడా ఆ సంఘంలో సభ్యుడు.

1918 నాటి చంపారన్ వ్యవసాయ చట్టం తీన్‌కఠియాను రద్దుచేసింది. విచారణ సంఘం ముందు కుదిరిన ఒప్పందం మేరకు తావాన్‌లో 25 శాతం రైతులకు తిరిగి వచ్చింది. శరహ్‌బేషీ తుర్కౌలియా ఎస్టేటులో 20 శాతం, మిగతా చోట్ల 26 శాతం తగ్గింది. తగ్గించగా మిగిలిన పెంపు చట్టబద్ధమైన శిస్తులో భాగంగా నిలిచిపోయింది. నీలిమందు వేయని పొలాలకు కూడా రైతు దాన్ని చెల్లిస్తూనే వచ్చాడు.