తొలిదశ ఎండోమెట్రియల్ క్యాన్సర్‌లో లింఫ్ గ్రంథుల తొలగింపు: చికిత్సా, పరీక్షా?

గర్భాశయ లోపొరలో పుట్టే ఎండోమెట్రియల్ క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకుంటే గర్భసంచి, అండాశయాలు, ఫలోపియన్ నాళాలు తీసేయాలన్న విషయంలో పెద్దగా వాదం లేదు. వాదమంతా లింఫ్ గ్రంథుల దగ్గరే. వ్యాధి గర్భసంచికే పరిమితమైనట్టు కనిపించిన 621 మందిని క్రీస్‌మన్ బృందం పరిశీలించి, 9 శాతం మందిలో కటి గ్రంథులకు, 6 శాతం మందిలో బృహద్ధమని పక్క గ్రంథులకు అది పాకిందని 1987లో ప్రకటించింది. మరుసటి ఏడాదే అంతర్జాతీయ స్త్రీరోగ, ప్రసూతి వైద్యుల సమాఖ్య (ఫిగో) దశ నిర్ధారణను శస్త్రచికిత్సతో ముడిపెట్టింది. దాంతో గ్రంథులన్నీ తీసేయడం చాలాచోట్ల ఆనవాయితీ అయింది.

తీస్తే ఆయుష్షు పెరుగుతుందా? 2008లో వెలువడిన బెనెడెట్టి పానిచీ బృందం అధ్యయనంలో 514 మంది ఉన్నారు. గ్రంథులు తీసినవారిలో 85.9 శాతం, తీయనివారిలో 90 శాతం మంది అయిదేళ్లు బతికారు. ఈ తేడాకు గణాంకపరంగా ప్రాధాన్యం లేదు. 2009లో వచ్చిన ఆస్టెక్ ట్రయల్ 1,408 మందిలోనూ ప్రయోజనం చూపలేదు. ఆస్టెక్‌లో తీసిన గ్రంథులు తక్కువనీ, బృహద్ధమని పక్కవాటిని క్రమపద్ధతిలో తీయలేదనీ వచ్చిన విమర్శలు సబబే. అంతకంటే ముఖ్యమైన లోపం మరొకటుంది. అందులో రేడియేషన్ ఎవరికివ్వాలన్నది గ్రంథుల ఫలితంతో నిమిత్తం లేకుండా నిర్ణయించారు. తెలిసిన సంగతిని వాడుకోనప్పుడు ఆ పరీక్ష ప్రాణం ఎలా నిలబెడుతుంది? జపాన్‌లోని సెపాల్ అధ్యయనం, 2010లో, మధ్యస్థ, అధిక ముప్పున్నవారికి బృహద్ధమని దాకా తీస్తే మేలని చెప్పింది. కానీ అది పాత రికార్డుల ఆధారంగా సాగింది. పైగా బృహద్ధమని దాకా తీసిన వర్గంలో కీమోథెరపీ పొందినవారే ఎక్కువ.

ఇక మూల్యం. గ్రంథులతోపాటు లింఫ్ దారులూ తెగుతాయి, కొందరిలో ద్రవం కాలిలో నిలుస్తుంది. పొద్దున వదులుగా ఉన్న పట్టీ సాయంత్రానికి చర్మంలోకి దిగుతుంది. ఏళ్ల తరబడి నిలిచే ఈ వాపును చిన్న ఇబ్బందిగా రాసి వదిలేయడం రోగికి అన్యాయం.

కణితి నుంచి లింఫ్ ముందుగా చేరే గ్రంథిని, అంటే సెంటినెల్‌ను, మాత్రమే వెతికి తీసే పద్ధతి ఈ చిక్కును చాలావరకు విప్పింది. మత్తు ఇచ్చాక గర్భాశయ ముఖద్వారంలో కుడి ఎడమల ఇండోసైనైన్ గ్రీన్ అనే రంగు ఎక్కిస్తారు. పరారుణ కెమెరాలో ఆ మెరుపు గర్భాశయ ధమని వెంట సాగి, ఎక్కువసార్లు ఇలియాక్ నాళాల పక్కనున్న గ్రంథిని చేరుతుంది. ఆ ఒకటి రెండు గ్రంథులనే తీసి, పలుచని పొరలుగా కోసి, సైటోకెరాటిన్ రంజకంతో క్యాన్సర్ కణాల కోసం వెతుకుతారు. 2017 నాటి ఫైర్స్ అధ్యయనంలో, గ్రంథులకు వ్యాధి పాకి, సెంటినెల్ దొరికిన 36 మందిలో 35 మందిని ఈ పద్ధతి పట్టుకుంది. అయితే రెండు పక్కలా సెంటినెల్ దొరికింది సుమారు సగం మందిలోనే. దొరకని పక్క ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవాలి. అధిక ముప్పున్న కణితిలో ఆ పక్క గ్రంథులు తీయడమే సరైనది.

కాబట్టి తొలిదశలో గ్రంథి తొలగింపు ప్రధానంగా పరీక్షే. ఆపరేషన్‌కు ముందు సమ్మతి పత్రం మీద సంతకం తీసుకునేటప్పుడు, గ్రంథులు తీస్తే ఆయుష్షు పెరుగుతుందని ఏ సర్జనూ చెప్పకూడదు. తర్వాతి చికిత్స నిర్ణయించడానికి తీస్తున్నామని, కాలి వాపు రావచ్చని రోగికి తెలుగులో విడమరచి చెప్పాలి.